కచేరీకి వచ్చిన అర్జీలు

ఆ రోజు పొద్దున వదిన వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. పదింటికల్లా కుర్చీలు తుడవాలి. మధ్యాహ్నానికి కొత్త బోర్డు గుమ్మం మీదికెక్కాలి. సాయంత్రం ఆరింటికి మునిసిపల్ ఆఫీసరు వచ్చేసరికి హాలు కడిగిన పలకలా ఉండాలి. ఇంతకన్నా చిన్న పథకం వేసుకోవాలంటే మనిషి మంచం దిగకూడదు.

ఆమెను వీధంతా వదినే అంటుంది. వరసకు మాత్రం ఒక్క పాటగాడికే వదిన. మరిది పాడతాడు, ఆమె హాలు నడుపుతుంది. వాడి పిలుపు డ్రమ్ములాయనకు, గిటారాయనకు, చివరికి ఎదురు వరసలో పాటలు పెట్టుకున్న కాఫీ క్లబ్బుల వాళ్ళకు కూడా అంటుకుంది. పగలంతా పడి నిద్రపోయి, పొద్దు వాలగానే ఒళ్ళు విరుచుకుని లేచే వీధి అది. ఒక మేడ మీంచి గిటారు, ఒక కిటికీలోంచి ట్రంపెట్, కింద నిలబడి రెండూ ఉచితంగా వినే జనం. అన్నిచోట్లా అనుమతులున్నాయి, వదిన హాలుకు తప్ప.

అర్జీ పెట్టి ఏడు నెలలైంది. మోత గోడ దాటకూడదు, జనం గోల చేయకూడదు. ఈ రెండూ ఇవాళ కళ్ళారా చూసి ఆఫీసరు సరేనంటే పాట, కాదంటే మూత. ఇంటి యజమాని అప్పుడే ఒక టైర్ల వ్యాపారికి హాలు చూపించాడు. ఆ పెద్దమనిషి వేదిక మధ్యలో నిలబడి, ఎన్ని టైర్లు పడతాయో వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

మరిదికి ఒక విద్య ఉంది. ఎవరు చీటీ మీద ఏ మాట రాసిచ్చినా అప్పటికప్పుడు బాణీ కట్టి పాడతాడు. మందుల షాపు రసీదు చేతికిచ్చినా రాగం తీయగలడు. అందుకే వదిన బోర్డు రాసే పెద్దాయనకు కాగితం మీద శుభ్రంగా రాసిచ్చింది: "కచేరీ. సాయంత్రం ఆరు నుంచి. మీరు రాసివ్వండి, మేము పాడతాం."

పదకొండింటికి బోర్డు వచ్చింది. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలు. "కచేరీ. సాయంత్రం 6 గం.ల నుండి. మీరు రాసి ఇవ్వండి. మేము చూస్తాము."

"పాడతామని కదయ్యా నేను రాసిచ్చింది?" అంది వదిన.

"చూశానమ్మా. తొందర్లో తప్పు రాశారనుకుని దిద్దాను. కచేరీలో కాగితమిస్తే చూస్తారు గానీ పాడతారా ఎక్కడైనా?"

"ఇది పాటల కచేరీ!"

"ఆ ముక్క కాగితంలో లేదుగా. నలభై ఏళ్ళనుంచి కచేరీలకి బోర్డులు రాస్తున్నాను. ఒక్క ఆఫీసూ తప్పు పట్టలేదు."

పాడేవాళ్ళకు కచేరీ అంటే పాట. పెద్దాయన తరానికి కచేరీ అంటే సర్కారు ఆఫీసు. మాట ఒకటే, ఎక్కే గుమ్మాలు రెండు. వదిన పళ్ళు నూరింది. తిరగరాయడానికి వేళ లేదు. చదివేవాళ్ళకు ఆమాత్రం తెలీదా అనుకుని బోర్డు తగిలించేసింది. అక్కడే దెబ్బ తింది.

మధ్యాహ్నం రెండింటికి ఒక ముసలమ్మ చేతిలో మడిచిన కాగితంతో మెట్లెక్కింది.

"అవ్వా, ఏం కావాలి?"

"మా సందులో మురుక్కాలవ సంగతి రాయించుకొచ్చా తల్లీ. మనవరాలు రాసింది."

"ఇక్కడ కాదవ్వా. ఇది పాటల కచేరీ."

"అదేగా నేనూ అంటున్నా. మా పాట్లు చెప్పుకోడానికే వచ్చా."

ఆ ఒత్తు తీయించడానికి వదినకు పావుగంట పట్టింది, అయినా తీయలేకపోయింది. ముసలమ్మ ముందు వరసలో కుర్చీ చూసుకుని కూర్చుంది. అంతకుముందే దారిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పేసి వచ్చింది కూడా. పనులు మానుకోకుండా సాయంత్రం పూట వెళ్ళి అర్జీ ఇచ్చుకోవచ్చనే మాట ఆ వీధిలో ఎప్పుడూ వినబడలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే లోకం. ఐదయ్యేసరికి దర్జీ, మంగలి, బేకరీ ఆయన, ఇద్దరు నర్సులు, మొత్తం అరవై మంది మెట్ల కిందిదాకా బారు కట్టారు.

వదిన కుర్చీ ఎక్కింది. "బాబూ, ఇది ఆఫీసు కాదు! మీ పని ఇక్కడ కాదు! దయచేసి వెళ్ళిపోండి!"

దర్జీ వెనక్కి తిరిగి ధీమాగా చెప్పాడు. "నిజం ఆఫీసేనర్రా. అప్పుడే ఇక్కడ కాదు పొమ్మంటున్నారు."

బారు ఇంకా బిగిసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడు పైవాటా నుంచి మావయ్య దిగాడు. వదినకు మేనమామ. ముప్ఫై రెండేళ్ళు గుమాస్తాగిరీ చేసి, రిటైరై, ఆరేళ్ళుగా చేతులు కట్టేసినట్టు బతుకుతున్నవాడు. ఎండిన చెరువుకు నీళ్ళొచ్చినట్టు ఆ బారును చూసి మొహం కళకళలాడింది. టిక్కెట్ల బల్ల వేదిక దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"మావయ్యా, లే అక్కణ్ణుంచి! వాళ్ళని పంపించే దారి చూడు."

"ఉండవే, ఈయన మార్జిన్ వదల్లేదు. ఏమయ్యా, మార్జిన్ లేకపోతే పైవాళ్ళు ఎక్కడ రాస్తారు? తిరగరాసుకురా పో."

"పైవాళ్ళెవరు మావయ్యా? పైన నువ్వే కదా ఉండేది!"

"అది వేరే పై. నువ్వెళ్ళి కుర్చీలు చూసుకో."

మావయ్య ప్రతి కాగితానికీ నంబరు వేసి, మడిచి, దగ్గరలో కనబడ్డ ఒకే ఒక బుట్టలో పడేస్తూ, ఇచ్చినవాళ్ళని కుర్చీల్లోకి పంపుతూ పోయాడు. వేదిక మీద మరిది పాటల చీటీల కోసం పెట్టుకున్న బుట్ట అది.

ఆరింటికి ఐదు నిమిషాలుందనగా ఆఫీసరు వచ్చాడు. మోత కొలిచే చిన్న యంత్రం చేతిలో పట్టుకుని తిన్నగా లోపలికి రాబోతే అరవై గొంతులు లేచాయి.

"వరసలో రావయ్యా!"

"నేను ఆఫీసర్నండీ."

"మేమేమన్నా గేదెలమా? వెనక్కి నడు."

ఆయన వెనక్కి నడిచాడు. బల్ల దగ్గరికి వచ్చేసరికి అరవై ఒకటో నంబరు. మావయ్య తలెత్తలేదు. "కాగితం?"

"నా దగ్గర కాగితం లేదు. తనిఖీకి వచ్చాను."

"కాగితం లేకుండా తనిఖీ ఏమిటి నాయనా? చదువుకున్నవాడిలా ఉన్నావు. మార్జిన్ వదిలి రాసుకురా."

వదిన పరుగున వచ్చి ఆయన్ని విడిపించి, నాలుగో వరసలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చింది. ఆ నీళ్ళు ఆయన గొంతు దిగకముందే మరిది వేదిక ఎక్కాడు. జనం నిండుగా ఉన్నారు, బుట్ట పొర్లుతోంది. వాడికి ఇంకేం కావాలి? ఇంత పెద్ద సభ వాడి జన్మలో చూడలేదు. మొదటి చీటీ తీసి, కళ్ళు మూసుకుని, గిటారాయనకు సైగ చేశాడు.

"కాలువ పొంగి గడప దాటె... చూస్తామన్నారు. కప్పలు వచ్చి కాపురముండె... చూస్తామన్నారు."

ముసలమ్మ లేచి నిలబడింది. "నాదే! అది నా కాగితమే!"

వదిన వేదిక పక్కనుంచి రెండు చేతులూ ఊపింది. అది ఆపమనడం. మరిది దాన్ని ఇంకా పైకెత్తమనుకున్నాడు. స్థాయి పెంచాడు.

"చూస్తామన్నారు..."

"చూస్తూనే ఉన్నారు!" అని దర్జీ అందించాడు. రెండోసారికి హాలంతా అందుకుంది.

మరిది ఒకదాని తర్వాత ఒకటి తీశాడు. వెలగని వీధి దీపం మెల్లగా, జోలపాటలా వచ్చింది. మూడోరోజుకోసారి వచ్చే నీళ్ళు హుషారుగా వచ్చాయి. పోయిన వానాకాలం వచ్చి చూసి, గొడుగు మర్చిపోయి, దాని కోసం కూడా మళ్ళీ రాని ఆఫీసరుగారి మీద చీటీకి నర్సులు ఈల వేశారు. నాలుగో వరసలో ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఎదురు మేడ మీది ట్రంపెట్ ఆయన తన పాట ఆపి, చెవి పెట్టి, ఈ బాణీ ఎత్తుకున్నాడు. ఆ పక్క క్లబ్బు కూడా కలిసింది. వీధి ఈ చివర 'చూస్తామన్నారు' అంటే, ఆ చివర 'చూస్తూనే ఉన్నారు' అంటోంది.

వదిన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. రెప్పల వెనక టైర్లు దొర్లాయి.

ఆఫీసరు సముదాయించాలని లేచి చేయెత్తాడు. "అయ్యా, అమ్మా, శాంతించండి. మీ అర్జీలన్నీ మేం తప్పకుండా చూస్తాం..."

"చూస్తూనే ఉన్నారూ!"

పైకప్పు లేచింది. ఆయన కూలబడి, వంగుకుంటూ వదిన దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, ఏమిటీ గోల?"

"గోల కాదు సార్, మీ యంత్రం చూసుకోండి. వాయిద్యాల మోత హద్దు దాటడం లేదు."

ఆయన చూసుకున్నాడు. ముల్లు హద్దులోనే ఉంది. "మోత సంగతి కాదమ్మా, మాటలు! ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినబడుతోంది. ఆ డ్రమ్ములాయన ఉన్నట్టా లేనట్టా?"

"మోత వద్దన్నారుగా సార్. డ్రమ్ముల మీద దుప్పటి కప్పించాను."

"తీయించండి!"

"అమ్మో! అనుమతి లేకుండా గట్టిగా వాయిస్తే తప్పు కదండీ." ఏడు నెలలు తిరిగిన మనిషికి ఆమాత్రం నోరు వస్తుంది.

వేదిక మీద మరిది తర్వాతి చీటీ విప్పుతున్నాడు. "ఇది మన మునిసిపల్ ఆఫీసరుగారి గురించేనండోయ్..."

"అనుమతి ఇస్తున్నాను! కాగితం, కాగితం తెండి!"

"నా అర్జీ మీ ఆఫీసులోనే ఉంది సార్."

"దాన్ని వెతికేదెప్పుడు?" అంటూ ఆఫీసరు బల్ల మీదికి వంగాడు. మావయ్య తెల్లకాగితం జరిపాడు, మార్జిన్ మడిచి మరీ. ఆఫీసరు తన చేత్తోనే వదిన తరఫున అర్జీ రాశాడు. దాని కిందే అనుమతి ఉత్తర్వు రాశాడు. 'వాయిద్యములు వీలైనంత గట్టిగా వాయించవలెను. గాయకుని మాటలు రెండవ వరుస దాటి వినబడరాదు.' సంతకం పెట్టి, దుప్పటి తానే లాగి పారేసి, డ్రమ్ములాయన వీపు తట్టాడు.

అర్జీ రాసిందీ, పుచ్చుకున్నదీ, మంజూరు చేసిందీ ఒక్క మనిషే అయితే కచేరీలో పని ఎంత చురుగ్గా సాగుతుందో ఆ సాయంత్రం అరవై మంది కళ్ళారా చూశారు.