పాత జీపు వత్సర సంగ్రామము

వినుడు, పాత బండ్లు కొన్నవారలారా, కొనబోయి టైర్లు తన్నిచూచి ఇంటికి మరలినవారలారా. గ్రీష్మాంతమున ఒక ఆదివారపు పూర్వాహ్ణమున, కొండల వెనుక కారుమబ్బులు గజయూథములవలె గుమిగూడుచుండగా, ఇంజనాయిలు పరిమళించు కంకరనేల మీద, పాత బండ్ల యార్డులోని రేకులషెడ్డు నీడన, ఇరువురు మహావీరులు ఎదురెదురుగా నిలిచిరి.

మొదటివాడు లెక్కల మాస్టారు. సుద్దధూళిధూసరితహస్తుడు, త్రైరాశికవిశారదుడు, నెలల తరబడి ఇంటిల్లిపాదికి నిద్రాభంగకారకుడు. కొండదారులకు రెండువేల పదకొండు మోడలు జీపును మించినది భూమండలమున లేదని ఆయన శపథము. రెండవవాడు ఆయన బావమరిది, బీమా ఏజెంటు, ఫోనాయుధపాణి, అహోరాత్రవీడియోవీక్షణారుణలోచనుడు. రెండువేల పదహారు తప్ప తక్కినవన్నియు తుక్కని ఆతని ప్రతిజ్ఞ. ఇచట గమనింపదగిన సూక్ష్మమొకటి గలదు. మాస్టారుకు సైకిలు తప్ప మరొకటి నడుపుట రాదు. బావమరిది లైసెన్సు, పాలవ్యానును గుద్దిన పిమ్మట, రద్దయినది.

జీపు నడపవలసినది మాస్టారు భార్య. ఆమె నర్సు; కొండమీది ఇండ్లలో కాన్పులన్నియు ఆమె చేతిమీదుగనే. గత వానకాలమున వాగు పొంగి ఆంబులెన్సు ఆవలి ఒడ్డుననే ఆగిపోగా, నొప్పులు పడుచున్న ఒక ఆడకూతురిని మంచము మీద మోసి తేవలసివచ్చెను. తల్లీబిడ్డా దక్కిరి, అదృష్టము. మళ్లీ వానలు మొదలయ్యేలోపు జీపు ఉండవలెనని ఆమె ఆనాడే చెప్పెను. వానలు వచ్చుచున్నవి. వీరులింకను సంవత్సరము దగ్గరనే యుండిరి.

"ఓరీ నూతనమోడల్‌వ్యామోహాంధా," అని మాస్టారు మేఘగంభీరస్వరమున గర్జించెను, "పదకొండులోని ఇనుము ఇనుము. పదహారులోనిది రంగుపూసిన అట్టపెట్టె. సెన్సారొక్కటి తుమ్మినచో నడికొండన చతికిలబడు నీ శకటమునకు మెకానిక్కు ఏ లోకమునుండి దిగివచ్చును?"

"ఓ తుప్పుసిద్ధాంతపారంగతా, బావా," అని బావమరిది ఫోనును ఖడ్గమువలె ఝళిపించెను, "పవర్ స్టీరింగు లేని నీ పదకొండును తిప్పుటకు మా అక్క భుజములేమైన దిగ్గజముల తొండములా?"

"సార్, టైరు తన్నకండి," అన్నాడు యార్డు యజమాని. "పొద్దుట్నించీ మీ ఇద్దరి కాళ్లకే అరిగిపోయింది."

అంతలో నర్సు ఆటో దిగెను. వెంట అత్తగారు, వాచిన మోకాళ్లతో.

"ఇంకా తేలలేదా?"

"తేలుతోంది," అన్నారు ఇరువురును.

"మీకు తేలేలోపు పిల్లలు పుట్టి బడికి పోతారు. అత్తయ్యా, ఆ వెనక సీట్లోకి ఎక్కండి చూద్దాం. మీరు ఎక్కగలిగితే నెలలు నిండిన మనిషి ఎక్కుతుంది."

వృద్ధమాత పదకొండును సమీపించి, ఒక పాదమెత్తి, మరల దించెను. "ఇది జీపా, అటకా? నిచ్చెన ఏదే?"

మాస్టారు ముఖము వాడెను. పదహారు వంతు వచ్చెను. ఆమె సగము దూరి, నడుము పట్టేసి, వెనుకకు వచ్చెను. "లోపలికి వెళ్లాలంటే పిల్లినై పుట్టాలి."

బావమరిది ఫోను జేబులో పెట్టుకొనెను.

"ఆ గోడవార ఉన్నదేమిటి?" అని నర్సు అడిగెను.

"పదమూడు మోడలమ్మా. దాన్ని ఎవరూ అడగరు. వెనక మెట్టుంది, అందం తక్కువని."

అత్తగారు మెట్టు మీద కాలుంచి, పిడి పట్టుకొని పైకి లేచెను. ఎవరును అడుగకయే, యార్డు యజమాని తన అరచేతిని తలుపుపై ఇనుప అంచుకు అడ్డుపెట్టి, ఆమె తల తగులకుండ కాచెను. ఆమె కూర్చుండి, కాళ్లు బారచాపి, నిట్టూర్చెను. నర్సు స్టీరింగు పట్టి కంకరగుట్ట ఎక్కించి, దించి, బ్రేకు నొక్కి చూచెను.

"అత్తయ్యా, ఎలా ఉంది?"

"నేను దిగను. డబ్బులు కట్టి రండి."

తొలిచినుకులు రేకులపై దుందుభులు మ్రోగించెను. ఓడిన వీరులు తడియుచు నిలిచిరి. అంతట త్రైరాశికవిశారదుని పెదవులు కదలెను. పదకొండు నుండి పదమూడుకు రెండు. పదహారుకు మూడు. ఆయన వక్షము ఉప్పొంగెను.

"ఏమోయ్, ఒక్క ఏడాది తేడాతో నేనే గెలిచాను."

"బావా, ఎక్కండి. తడుస్తున్నారు."

"గెలిచానా లేదా?"

"గెలిచారు. జరగండి, నేనూ ఎక్కాలి."

ఈ తీరున లెక్కల మాస్టారు, తాను నడుపలేని బండిని, తాను కోరని సంవత్సరపుదానిని, తన మాట ఎవరును వినకుండగనే సాధించి, శత్రువును ఒక్క వత్సరముతో చిత్తుచేసి, తల్లి జరిగి ఇచ్చిన జానెడు సీటుపై సింహాసనాసీనుడై, వైపర్లు వింజామరలవలె వీచుచుండగా, భార్య నడుపు రథమున ఇంటికి జైత్రయాత్ర సాగించెను. ఆ ఒక్క సంవత్సరపు కీర్తి ఆచంద్రార్కము నిలుచుగాక. కొండమీది తల్లులకు మాత్రము మెట్టు చాలును.