రేకుల మీద ఆదివారం

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధం! మా ఇంట్లో జరిగేవాటికి నాకు వచ్చే కోపం ఏ మూలకూ చాలదు. నమ్మకపోతే మా పెరటి వసారా సంగతి వినండి.

ఆ వసారా వేయించింది నేను. నాలుగు కర్ర స్తంభాలు, పైన నీలం రంగు రేకులు, కింద నున్నటి గచ్చు. నా ఆశల్లా ఒక్కటే. వారమంతా ఆఫీసులో జనం నా నెత్తినెక్కి కూర్చుంటారు. ఆదివారం ఒక్క పూటైనా ఎవరూ పిలవని చోట నేను కూర్చోవాలి. అందుకోసం ఒక పడక్కుర్చీ కూడా తెచ్చుకున్నాను. అందులో సరిగ్గా రెండంటే రెండు ఆదివారాలు కూర్చున్నాను.

మూడో ఆదివారానికి మా అత్తగారి కుట్టుమిషను అక్కడ దిగింది. "ఇక్కడ వెలుతురు బాగుంది నాయనా" అంది ఆవిడ. నాలుగో వారం మా బావమరిది కండలరావు ఇనప బరువులతో దిగాడు. ఆ పేరు వాళ్లమ్మ పెట్టింది కాదు, నేను కడుపుమండి పెట్టింది. ఆ తర్వాత మా అమ్మాయి కీబోర్డు. ఒకే పాట, అదీ మొదటి సగమే వాయిస్తుంది. రెండో సగం ఇంకా నేర్పలేదట. వీటన్నిటి నడుమ తడిబట్టల తీగలు మూడు వరసలు. నా పడక్కుర్చీలో ఇస్త్రీ చేయాల్సిన బట్టలు హాయిగా పడుకున్నాయి.

"ఇది నా వసారా!" అని ఒకరోజు గట్టిగా అరిచాను.

"మీదే లెండి, ఎవరు కాదన్నారు? ముందు ఈ దుప్పటి కొస పట్టుకోండి, పిండాలి" అంది మా ఆవిడ.

పట్టుకున్నాను. కోపంగానే పట్టుకున్నాను.

దుప్పటి పిండుతుంటే నా బుర్ర వెలిగింది. వసారా కట్టిన మేస్త్రీ వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పాడు. "ఏడాదికోసారి వానలకు ముందు పైకెక్కి బోల్టులు బిగించాలి సార్. వాటి కింద రబ్బరు వాషర్లు ఎండకి పగిలిపోతాయి, అవి మార్చాలి. లేదంటే కారుతుంది" అన్నాడు. వసారా కింద చోటు లేకపోతేనేం? పైన బోలెడంత ఉంది!

ఆ ఆదివారమే పానా పట్టుకుని నిచ్చెనెక్కాను. ఇంటి గోడ నీడ పడే మూలన, దూలానికి సరిగ్గా పైన గోనెసంచి పరిచి వెల్లకిలా పడుకున్నాను. ఆహా, ఏం సుఖం! పది నిమిషాలకోసారి పానాతో రేకు మీద టంగుమనిపిస్తే చాలు, నేను చెమటోడుస్తున్నానని కింద అందరూ అనుకునేవారు.

ఏడాదికోసారి చేయాల్సిన పని నెలకోసారి అయింది, ఆ తర్వాత వారానికోసారి అయింది. గాలికి వదులయ్యాయని ఒక వారం, ఎండకి సాగాయని ఇంకో వారం. మా ఆవిడ పాపం ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నిచ్చెన పట్టుకుని, కాఫీ ఫ్లాస్కు అందించేది. ఆరేళ్లు! ఆరేళ్లలో నేను ఒక్క బోల్టు తిప్పలేదు, ఒక్క చుక్క కారలేదు. నా అదృష్టానికి నేనే మురిసిపోయాను.

ఈ ఏడు తొలివానకు పదకొండు చోట్ల కారింది.

ఒక ధార కుట్టుమిషను మీద, ఒకటి కీబోర్డు మీద (దానికి మాత్రం నేను పెద్దగా బాధపడలేదు), ఒకటి బరువులెత్తుతున్న కండలరావు నడినెత్తిన. అతడు అదిరిపడి బరువు వదిలేశాడు, గచ్చు పగిలింది. అత్తగారు మిషను మీద ఏదైనా కప్పుదామని తీగ మీది దుప్పటి లాగింది. మూడు వరసల బట్టలూ ఆవిడ మీద కూలాయి.

"ఆరేళ్లుగా పైన ఏం బిగించావు బావా?" అన్నాడు కండలరావు, తల తుడుచుకుంటూ.

తప్పు నాదే కావడంతో నాకు కోపం రెట్టింపయింది. ఫోను చేసి మేస్త్రీని రప్పించాను.

"ఏమయ్యా, ఇదేనా నీ పనితనం? ఇవి రేకులా, జల్లెడలా? ఆరేళ్లుగా ఎండలో మాడి మసైపోతున్నాను! నా చేతులు చూడు!" అని చాపాను. మెత్తగా ఉన్నాయి. వెంటనే జేబులో పెట్టేసుకున్నాను.

మేస్త్రీకి నన్ను మించి కోపం వచ్చింది. "నా పనిని అంటారేంటి సార్? ప్రతి ఎండాకాలం మీరు ఆఫీసుకెళ్లాక వచ్చి, బోల్టులు బిగించి వాషర్లు మార్చింది ఎవరనుకున్నారు? ఈ ఏడు అమ్మగారు పిలవలేదు, నేను రాలేదు. మీ గోనెసంచి కూడా నేనే దులిపి మళ్లీ పరిచేవాణ్ణి!"

నేను మా ఆవిడ వైపు తిరిగాను. "నీకు ముందే తెలుసా?"

"మొదటి ఆదివారమే తెలుసు. మీ గురకకి రేకులు కూడా తోడైతే వీధి చివరిదాకా వినిపిస్తుంది."

"మరి చెప్పలేదేం?" అని అరిచాను.

"చెబితే కిందికి దిగేవారు కదా! కాఫీ చల్లారిందంటారు, కళ్లజోడు కనబడలేదంటారు, పేపరు ఎవరు నలిపారని ఇల్లెగిరిపోయేలా అరుస్తారు. మీరు పైకెక్కితే ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చేది. అందుకే ఆ రేకులు నేనే బాగుచేయించాను."

అత్తగారు తడిసిన బట్టల కుప్ప విడదీస్తూనే తలూపింది.

"మరి ఈ ఏడు ఎందుకు పిలవలేదు?" అన్నాను. నా గొంతు అప్పటికే సగం దిగిపోయింది.

మా ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. "మీరు పైనుంటే అరుపులు తగ్గాయి, నా పని తగ్గలేదు. ఆరేళ్లు ప్రతి ఆదివారం మీకు దొరికింది. నాకు ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. అది మీకెప్పుడైనా తోచిందా?" అంది. తోచలేదు. ఆ కోపం చూశాక నాదీ ఒక కోపమేనా అనిపించి సిగ్గేసింది.

మరుసటి ఆదివారం పొద్దున్నే మా ఆవిడ పానా, ఫ్లాస్కు, ఒక లావుపాటి నవల పట్టుకుని పైకెక్కింది. ఎక్కి, నిచ్చెనను కూడా పైకి లాక్కుంది. ఆరేళ్లలో నాకు ఆ ఆలోచనే రాలేదు!

బోల్టులన్నీ మేస్త్రీ అప్పటికే బిగించి వెళ్లాడు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ మాట అనడానికి నాకు ముఖమెక్కడిది?

"సూదిలో దారం ఎక్కించు నాయనా" అంది అత్తగారు. "బావా, నా తువ్వాలేదీ?" అన్నాడు కండలరావు. "నాన్నా, ఆకలి!" అంది అమ్మాయి. పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన వచ్చింది.

"ఇంకా ఎంతసేపు?" అని పైకి చూసి అరిచాను.

"ఇంకా మొదటి బోల్టు దగ్గరే ఉన్నానండీ" అంది మా ఆవిడ. పేజీ తిప్పిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. నేను పొయ్యి ఆపడానికి లోపలికి పరిగెత్తాను.