వాసనకి ఫుల్ మార్కులు

ఖరగ్‌పూర్‌లో ఉన్న ప్రతి తెలుగు పిల్లకీ ఫ్రెంచి నేర్పాలి! వద్దన్నవాళ్ళు పిల్లల శత్రువులు. తొమ్మిదో క్లాసులో బడి మానేసినదాన్నైనా ఈ మాట మాత్రం గట్టిగా చెబుతాను.

మా మౌనిక అయిదో క్లాసు. మలంచాలో ఓ ప్రైవేటు స్కూలు. ఈ ఏడు అక్కడ ఫ్రెంచి పెట్టినారు. తల్లులందరూ గొణిగినారు. నేను మాత్రం కొబ్బరికాయ కొట్టినాను. ఎందుకంటారా?

లెక్కలడిగితే నాకు రావు. ఇంగ్లీషు పుస్తకం పట్టుకుంటే, "నీకు తెలీదులే అమ్మా" అని లాక్కుంటుంది. ఫ్రెంచి అలా కాదు! నాకు రాదు, దానికి రాదు, నిమ్‌పురా రైల్వే యార్డులో పనిచేసే మా ఆయన మోహనకృష్ణకి రాదు, స్కూలు సెక్రటరీకి అంతకన్నా రాదు. ఇంతమందిని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టిన భాష ఇంకోటుందా?

ఎంత మర్యాదైన భాషనుకున్నారు! పెద్దవాళ్ళకి 'మీరు', చిన్నవాళ్ళకి 'నువ్వు' విడివిడిగా ఉంటాయట. మౌనిక కళ్ళు పెద్దవి చేసుకుని ఈ వింత చెబితే, మా అత్త దాలమ్మ, "మరి మనకిన్నాళ్ళూ ఏటున్నాయే గుంటా?" అంది.

కుర్చీ ఆడదట. బల్ల ఆడదట. చీపురు మాత్రం మగదట! విన్నవెంటనే తీసుకెళ్ళి మా ఆయన చేతిలో పెట్టినాను. గ్రామరు ఇంట్లో వాడితేనే కదా ఒంటబట్టేది!

రాసిన అక్షరాల్లో చాలావాటిని పలకరట. ఇది నాకు సులువుగా అర్థమైపోయింది. పేరెంట్స్ మీటింగులో నేనూ అంతే. కుర్చీలో ఉంటాను, నోట్లోంచి శబ్దం రాదు.

ఇంక తిండి. ఫ్రెంచివాళ్ళ చీజులు కొన్ని ఘాటుగా కంపు కొడతాయట. అయినా ముక్కు మూసుకోకూడదట. అది కల్చరట! "ఒకరి తిండి వాసనని గౌరవించడం నేర్చుకోవాలి" అని ఫ్రెంచి మేడమ్ పాఠం చెప్పిందట.

వినగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. పోయినేడు పిల్ల బాక్సులో ఎండు నెత్తళ్ళ వేపుడు పెట్టి పంపితే, అప్పట్లో ఇంగ్లీషు చెప్పే ఇదే మేడమ్ నన్ను గేటు దగ్గర ఆపి, "దీదీ, ఈ శుట్కి చేపలూ అవీ పంపొద్దు, మిగతా పిల్లలకి ప్రాబ్లమ్ అవుతోంది" అని హిందీలో చెప్పింది. పక్కనే పిల్ల. ఆరోజు నుంచీ బ్రెడ్డూ జామూ తప్ప ఏది పెట్టినా మూత తియ్యకుండా తిరిగి తెస్తోంది. పిల్ల మెడ దగ్గర ఎముకలు తేలినాయి.

ఇంతలో స్కూల్లో ఫ్రెంచి ఫుడ్ డే వచ్చింది. మా వంతు చీజు. గోల్ బజార్‌లో కొట్టు దాదాని వాసనొచ్చే చీజుందా అని అడిగితే, "దీదీ, వాసనొస్తే మేం కంపెనీకి తిప్పి పంపేస్తాం!" అన్నాడు. సరే అని మామూలు చీజు ముక్కలే తెచ్చినాను. సబ్బుకున్నంత వాసన కూడా లేదు వాటికి.

"వాసన లేకపోతే మార్కులు రావే అమ్మా!" అని మౌనిక ఏడుపు.

"వాసనకోసం ఏడుస్తారేటే ఈ ఇంట్లో?" అంది మా అత్త. చీజుని పల్చటి గుడ్డలో చుట్టి, తన ఎండు నెత్తళ్ళ డబ్బాలో పెట్టి మూత బిగించింది. ఓ పూట అలాగే ఉంచినాం.

మేడమ్ బాక్సు తీసి, కళ్ళు మూసుకుని, గుండెలనిండా పీల్చి, "ఆహా! ఆథెంటిక్!" అందట. పిల్లలందరూ బ్రెడ్డులో పెట్టుకుని తిన్నారట. ఒక్కరికీ ప్రాబ్లమ్ అవలేదు! మౌనికకి ఫుల్ మార్కులు. ఎక్కడ దొరికిందని మేడమ్ అడిగితే, "మా నానమ్మ దగ్గర" అందట మా పిల్ల. అబద్ధం కాదు కదా!

చూసినారా ఫ్రెంచి మహిమ? అదే డబ్బా, అదే వాసన. గేటు దగ్గర ఆపినవాళ్ళే చప్పట్లు కొట్టినారు.

నాకు ధైర్యమొచ్చింది. మర్నాడు అన్నం, నెత్తళ్ళ వేపుడు పెట్టి, పైన ఓ చీజు ముక్క కప్పినాను. సాయంత్రం బాక్సు ఖాళీగా వచ్చింది! పొంగిపోయి, "అందరితో కూకుని తిన్నావేటే?" అనడిగినాను.

"చీజు అందరి ముందూ తిన్నాను. కిందది నీళ్ళ ట్యాంకు ఎనకాల నిలబడి తినేసినాను. ఎవరూ సూడలేదులే అమ్మా, బయపడకు" అని నన్నే ఓదార్చింది.

అంచేత స్కూలువారికి నాదొక మనవి. ఫ్రెంచి ఇంకాస్త గబగబా చెప్పండి. చీజు దాకా వచ్చినారు, చేపల దాకా కూడా రండి. ఆ దేశంలోనూ సముద్రముందట, ఎవరో ఒకరు ఎండబెట్టుకుని తినకపోరు.

ఆ పాఠం వచ్చేదాకా మా పిల్ల నిలబడే తినాల.