రెండో పుస్తకంలో పెళ్లికూతురు

నాగరికత అంటే ప్రతి పెళ్లినీ రెండేసి పుస్తకాల్లో రాసుకోవడం. ఈ సంగతిని మా లిటిల్ థ్రాకమ్ చర్చి 1837లోనే గ్రహించింది. ఆ ఏడు తెరిచిన రిజిస్టర్లే నూట ఎనభై నాలుగేళ్లు నడిచాయి. ఐదువందల పెళ్లిళ్లకు చోటుండగా, మా ఊరు శక్తివంచన లేకుండా కృషి చేసి రెండువందల పదకొండు పూర్తిచేసింది. తండ్రుల వృత్తికి అందులో గడి ఉంది. తల్లులకు ఏ గడీ లేదు (పెళ్లిలో ఏడ్చేది వాళ్లే గానీ, ఏడుపుకు రికార్డు అక్కర్లేదు).

2021లో ప్రభుత్వం కంప్యూటర్లకు మారి పుస్తకాలు మూయించింది. ఒకటి చర్చి ఇనప్పెట్టెలో ఉండిపోయింది, రెండోది జిల్లా ఆఫీసుకు వెళ్లింది. చర్చి వార్డెన్‌గా ఆ పెట్టె తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. రెండు పుస్తకాలనూ ఇరవై ఏళ్లు శ్రద్ధగా దుమ్ము దులిపాను. పక్కపక్కన పెట్టి చదవమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

పోయిన మార్చిలో గొర్రెల కాపరి లెనర్డ్ టక్‌వెల్‌కు పక్షవాతం వచ్చింది. ఇంట్లో చూసుకోవడం కుదరక వృద్ధాశ్రమంలో చేర్చారు. భార్య హెస్టర్ తానూ అక్కడే ఉంటానంది. జంటగది ఖాళీగానే ఉంది. కావలసిందల్లా మ్యారేజ్ సర్టిఫికెట్. అది ఎప్పుడో వరదలో పోయింది.

"బార్నబీ, ఓసారి పెట్టె తెరువు నాయనా," అంటూ ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

తెరిచాను. 1970, జూన్. వరుడు లెనర్డ్ టక్‌వెల్, వధువు హెస్టర్ డిమక్. ముత్యాల్లాంటి అక్షరాలు. కానీ సర్టిఫికెట్ ఇచ్చే అధికారం ఇప్పుడు చర్చికి లేదు. దాంతో ఇద్దరం జిల్లా ఆఫీసుకు వెళ్లాం.

అక్కడి అధికారి పిన్‌ఫోల్డ్ తమ పుస్తకం తెరిచి, కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"మేడమ్, దీని ప్రకారం లెనర్డ్ గారి భార్య ఐవీ డిమక్."

"ఐవీ నా చెల్లెలు బాబూ. ఆ రోజు నా పక్కన తోడుగా నిలబడింది. పెల్హామ్ పాదరీ గారు పొరపాటున దాని పేరు రాసుంటారు."

"కింద సంతకం మాత్రం మీదే. ఇంకొకరి పెళ్లిలో మీరెందుకు సంతకం చేశారు?"

"నా పెళ్లనుకుని చేశాను."

"పొరపాటు ఒప్పుకున్నారు," అని పిన్‌ఫోల్డ్ రాసుకున్నాడు.

దిద్దుబాటుకు మార్గం లేకపోలేదు. తప్పు రాసిన పాదరీయే స్వయంగా వచ్చి దిద్దాలి.

"ఎక్కడుంటారాయన?"

"చర్చి వెనకేనండీ, ఇరవై అడుగుల దూరం," అన్నాను.

"మరింకేం, తీసుకురండి."

"సమాధిలో ఉన్నారండీ. పందొమ్మిది వందల ఎనభైమూడు నుంచి."

పిన్‌ఫోల్డ్ 'ప్రస్తుతం అందుబాటులో లేరు' అని రాశాడు.

హెస్టర్ పట్టు వదల్లేదు. "పోనీ, మళ్లీ పెళ్లి చేసుకుంటాం."

"కుదరదు మేడమ్. చర్చి పుస్తకం ప్రకారం ఆయనకు మీతో పెళ్లయింది. మా పుస్తకం ప్రకారం మీ చెల్లెలితో అయింది. ఎలా చూసినా ఆయన ఖాళీగా లేరు."

"అయితే విడాకులిప్పించండి, ఆ తర్వాత చేసుకుంటాం."

"దానికి మ్యారేజ్ సర్టిఫికెట్ జతచేయాలి."

వారం తిరక్కుండా ఐవీకి నోటీసు వెళ్లింది: లెనర్డ్ భార్యగా ఉంటూనే 1974లో మరొకరిని ఎలా పెళ్లాడారో వివరించవలెను. ఐవీ వెంటనే ఫోన్ చేసింది.

"అక్కా, నీ మొగుణ్ణి నాకు అంటగట్టారట కదే! ముందే చెప్పుంటే ఆ గురక నీకు తప్పించేదాన్ని."

హెస్టర్ నవ్వింది. ఫోన్ పెట్టేసి బస్సుకు బయల్దేరింది. అప్పటికి మూడు నెలలుగా రోజూ రెండు బస్సులు మారి ఆశ్రమానికి వెళ్తోంది. నాలుగింటికి గంట కొడితే లేచి రావాలి. కుడిచెయ్యి ఆడని లెనర్డ్ ఎడంచేత్తో ఆవిడ కోటు పట్టుకునేవాడట. వేళ్లు ఒక్కొక్కటీ విడదీసుకుని వచ్చేదట.

చివరికి దారి చూపింది ఆశ్రమం మేనేజరు గ్వెన్. జంటగదికి పెట్టుకునే ఫారం తిప్పి రెండో పేజీ చూపించింది.

"ఇక్కడ చూడండి. 'పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నవారు.' దీనికి ఏ కాగితమూ అక్కర్లేదు."

"ఎందుకని?" అన్నాను.

"అలాంటివాళ్లను రుజువు అడిగితే ఎంత అవమానమండీ!"

హెస్టర్ పెన్ను అందుకుంది. "మా అమ్మ బతికుంటే నన్ను గడప తొక్కనిచ్చేది కాదు," అని టిక్కు పెట్టి సంతకం చేసింది. ఆ సాయంత్రమే ఇద్దరికీ పక్కపక్కన మంచాలు వేశారు. మర్నాడు నాలుగింటి గంట కొట్టినా ఆవిడ లేవలేదు. లెనర్డ్ కోటు పట్టుకోలేదు, హాయిగా గురక పెట్టాడు.

అంతా సవ్యంగానే ఉంది. రెండో వారంలో మాత్రం కొత్త నర్సు ఆయన ఫైల్లో ఒక మాట రాసింది: రోగికి మతిభ్రమ మొదలైంది, గదిలో ఉంటున్న స్నేహితురాలిని భార్య అంటున్నాడు. డాక్టరు ఫారం చూశాడు, నర్సు చెప్పింది నిజమేనని నిర్ధారించుకుని, ఒక మాత్ర పెంచాడు.