హేవర్‌క్యాంప్ నొక్కిన ఎర్ర బటన్

ఆ ఉదయం హేవర్‌క్యాంప్ సహాయకురాలు లోర్నా వేసుకున్న పథకం చాలా చిన్నది. వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ ఖాళీగా ఉన్న వేళ బిల్లును మూజువాణి ఓటుతో నెగ్గించి, వెళ్లి కాఫీ తాగడం. ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన కార్యక్రమాల పాత చట్టాన్ని సవరించే బిల్లు అది. ఇప్పటికి రెండుసార్లు సభ గడువు తీరి మురిగిపోయింది. ఈసారి సెనేట్ ఒప్పుకుంది గాని, గడువు ఈరోజుతో ఆఖరు. లోర్నా తన ఉద్యోగ జీవితమంతా దానికే ధారపోసింది.

"రెండు ముక్కలు మాట్లాడి కూర్చోండి సార్. బిల్లుని పొగడొద్దు," అని బిల్లు ప్రవేశపెడుతున్న తన సార్ హేవర్‌క్యాంప్‌కి చెప్పింది. ఆయన ప్రతిపక్ష సభ్యుడు.

"నాకు చెప్తావేంటమ్మా! ఇక్కడే ముసలాణ్ణయ్యాను."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గాని, ఆ సభలో మూసుకున్న నోరే మంచిది. హేవర్‌క్యాంప్ లేచి, "ఈ బిల్లు మీద ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు!" అని మురిసిపోయాడు. ఆ మాటకి వెనక కునుకు తీస్తున్న అధికారపక్ష సభ్యుడు రడ్‌కి మెలకువ వచ్చింది.

"ఎవరికీ లేదా? అయితే ఏదో మతలబుంది. ఓటింగ్ పెట్టండి!"

గంటలు మోగాయి. సభ్యులు భోజనాలు వదిలి పరుగెత్తుకొచ్చారు. బిల్లేమిటో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు, గోడ మీది బోర్డులో బిల్లు తెచ్చినవాడి పేరు పక్కన పచ్చ దీపం వెలిగిందా ఎర్రదా అని చూసి బటన్ నొక్కడం అక్కడి ఆనవాయితీ. ఇలా హడావిడిగా తెచ్చిన బిల్లు నెగ్గాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి.

హేవర్‌క్యాంప్ ఆ వారమంతా అధికారపక్షం తెచ్చిన ప్రతిదానికీ 'వద్దు' అనే నొక్కాడు. ఇప్పుడూ పక్కవాడితో కబుర్లాడుతూ, చేతి అలవాటుగా అదే నొక్కేశాడు. బోర్డు మీద ఆయన పేరు ఎర్రగా వెలిగింది.

"తెచ్చినోడే వద్దంటున్నాడు, ఏదో కొంప మునిగినట్టుంది," అని ఆయన పక్షమంతా ఎరుపు నొక్కింది.

"ఆయనకి వద్దంటే మనకి మంచిదే!" అని రడ్ తనవాళ్లందరిచేతా పచ్చ నొక్కించాడు.

సభ ఇలా చీలితే రెండొంతులు రావని లోర్నా లెక్కేసింది. వంగి వంగి పరుగెత్తుకొచ్చింది. "సార్, మీ బిల్లుని మీరే చంపేస్తున్నారు! బోర్డు చూడండి!"

"ఓరి నాయనో!"

ఆఖరి నిమిషాల్లో ఓటు మార్చాలంటే ముందుకెళ్లి గుమాస్తాకి చీటీ ఇవ్వాలి. హేవర్‌క్యాంప్ పరుగెత్తాడు. ఎందుకో తెలియకపోయినా ఆయన పక్షమంతా వెనకే పరుగెత్తింది. ఎర్ర పేర్లన్నీ పచ్చబడుతుంటే రడ్‌కి మతిపోయింది.

"మోసం! పదండి, మనమూ మార్చాలి!"

గుమాస్తా బల్ల చుట్టూ అప్పటికే అవతలి పక్షం గోడకట్టినట్టు నిలబడి ఉంది.

"తప్పుకోవయ్యా!" అన్నాడు రడ్.

"వరసలో రావయ్యా పెద్దమనిషీ!" అన్నాడు హేవర్‌క్యాంప్.

అంతలో ఓటింగ్ ముగిసిందని సభాధ్యక్షుడు సుత్తి కొట్టాడు. బోర్డంతా పచ్చ. లోర్నా ఉన్నచోటే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ల బిల్లు గట్టెక్కితే ఏడవక ఏంచేస్తుంది?

కొత్త సభ కొలువుదీరిన రోజున హేవర్‌క్యాంప్ గది ముందు సొంత పక్షం సభ్యులు కాచుక్కూర్చున్నారు, తమ బిల్లులకి కూడా ఆయన వ్యతిరేకంగా ఓటేసి పెట్టాలని.