నీళ్ళోసుకున్న బాద్షా

ఆ ఆదివారం పొద్దున్న గోవర్ధనరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. బందరు బస్టాండులో స్నేహితుడు సిరాజుద్దీన్‌నీ, ఆయన భార్య ఖాతూన్‌నీ గుడివాడ బస్సెక్కించాలి. వాళ్ళు పెళ్ళి చూసుకుని తిరిగొచ్చేదాకా వాళ్ళ కుక్క బాద్షాని తన దగ్గర ఉంచుకోవాలి. వాణ్ణి అట్నుంచి అటే విల్సన్ గారి వరండాకి తీసుకెళ్ళాలి.

ఉప్పెన గాలికి లేచిపోయిన రేకులు మళ్ళీ వేయించిన ఆ వరండాలో ఆదివారమాదివారం ఊళ్ళోని కుక్కల ప్రేమికులు చేరతారు. ఎవరి కుక్క పెరుగన్నం మానేసింది, ఎవరిది ఉరుముకి మంచం కింద దూరింది, ఇవే కబుర్లు. అందరికంటే ఎక్కువ మాట్లాడేది గోవర్ధనరావే. అయితే ఓడరేవు ఆఫీసులో గుమాస్తా అయిన ఆయనకి కుక్క లేదు. భార్య అన్నపూర్ణ గుమ్మంలోకి కుక్కను రానివ్వదు. బాద్షా రెండు రోజులు ఉండేందుకు ఆమెను ఒప్పించేసరికి ఆయన తల ప్రాణం తోకకొచ్చింది.

బస్సు కదిలింది. బాద్షా ఒక్క గుంజు గుంజి, గొలుసుతో సహా బస్సు వెంట పడ్డాడు. గోవర్ధనరావు పంచె ఎగగట్టి పరుగెత్తాడు. మలుపు తిరిగేసరికి బస్సూ లేదు, బాద్షా లేడు. సందుసందూ గాలించుకుంటూ చేపల మార్కెట్ దగ్గరికొస్తే, తెల్లటి ఒళ్ళు, ఎడమ చెవి మీద గోధుమరంగు మచ్చ, అన్నీ బాద్షా గుర్తులే, బుట్టల పక్కన పడుకుని ఉంది. గొలుసు ఎక్కడో ఊడిపోయి ఉంటుందనుకున్నాడు. పేరు పెట్టి పిలిస్తే లేచి వచ్చింది. ఆయన మనసు కుదుటపడింది.

వరండాలో బాద్షాకి ఘనంగా స్వాగతం దొరికింది. టీలో ముంచిన బిస్కెట్టంటే వాడికి ప్రాణం. ఆ రోజు వాసన చూసి వదిలేశాడు. చెయ్యి చాపితే కాలు అందివ్వలేదు. యజమాని మీద బెంగ పెట్టుకున్నాడని గోవర్ధనరావు వివరించాడు. బెంగ పెట్టుకున్నవాడు చిక్కాలి గాని ఇలా ఒళ్ళు చెయ్యడమేమిటని విల్సన్ గారికి సందేహం వచ్చింది. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఆయన సందేహం వస్తే ఓ పట్టాన వదలరు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరైన భూషణాన్ని చూడమన్నారు.

భూషణం పొట్ట నిమిరాడు. కాసేపు ఆలోచించి మళ్ళీ నిమిరాడు.

"ఇది నీళ్ళోసుకుందండీ. నేడో రేపో ఈనేస్తుంది."

గోవర్ధనరావు వంగి, చూడాల్సిన చోట చూశాడు. తను తెచ్చింది బాద్షాని కాదని అప్పుడర్థమైంది. ఆ మాట బయటపెడితే, స్నేహితుడి కుక్కను పట్టుమని పది నిమిషాలు కూడా నిలుపుకోలేనివాడని తేలిపోతుంది. టీ గ్లాసు అందుకుని దాని వెనక మొహం దాచుకున్నాడు. మిగతావాళ్ళు మాత్రం బాద్షా చుట్టూ చేరి, ఇదెలా సాధ్యమని టీలు చల్లారేదాకా తర్కించుకున్నారు. చివరికి విల్సన్ గారే తేల్చారు.

"ఇన్నేళ్ళూ సిరాజుద్దీన్ గారే పొరబడ్డారండీ. మొహమాటస్తుడు కదా, తోకెత్తి చూసుండరు."

గోవర్ధనరావుకి ఊపిరొచ్చింది. "నాకూ మొదట్నుంచీ అనుమానంగానే ఉందండీ" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఇరుక్కుపోయాడు. ఇంతటి శుభవార్త యజమానికి తెలియకపోతే ఎలాగన్నారు అందరూ. భూషణం బావమరిది అంకమ్మరావు మర్నాడు గుడివాడ వెళ్తున్నాడు. పెళ్ళింట్లో కబురు చెప్పి రమ్మని అతనికి పురమాయించారు. వద్దనడానికి గోవర్ధనరావుకి కారణం దొరకలేదు. తెచ్చిన కుక్కను ఇంటి పెరట్లో కట్టేసి, ఆ రోజంతా అసలు బాద్షా కోసం ఊరు జల్లెడ పట్టాడు. ఇంటికొచ్చేసరికి అన్నపూర్ణ పెరటి కొట్టుగదిలో పాత చీర పరిచింది. తెల్లవారేసరికి దాని మీద నాలుగు పిల్లలున్నాయి.

గుడివాడలో అంకమ్మరావు పెళ్ళివాళ్ళందరి ముందూ సిరాజుద్దీన్ చెయ్యి పట్టుకుని, బాద్షా తల్లి కాబోతోందని చెప్పాడు. సిరాజుద్దీన్ మంచం కిందకి చూశాడు. బాద్షా అక్కడ బిర్యానీ ఎముక కొరుకుతున్నాడు. ముందురోజు రైలు గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు వచ్చి అందుకున్నాడు. కండక్టరు చూడకుండా ఖాతూన్ దుప్పటి కప్పి కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకుంది. గోవర్ధనరావు ఎంత కంగారు పడుతున్నాడో అని భార్యాభర్తలు బాధపడుతూనే ఉన్నారు. ఇప్పుడు బాధ పోయి కుతూహలం పట్టుకుంది. భోజనాలవగానే బస్సెక్కారు.

గుమ్మంలో బాద్షాని చూడగానే గోవర్ధనరావు అరుగు మీద కూలబడి జరిగిందంతా చెప్పేశాడు. సిరాజుద్దీన్ ఓపిగ్గా విన్నాడు.

"అదంతా సరేనండీ, నేను ఎత్తి చూసుండనని అన్నదెవరు?"

విల్సన్ గారని చెప్పాడు గోవర్ధనరావు. తనన్న మాట మాత్రం మింగేశాడు. అన్నపూర్ణ విసుక్కోకముందే తల్లినీ పిల్లల్నీ మార్కెట్ దగ్గరే దింపి వస్తానని లేచాడు. గంజి గిన్నెతో ఆమె అప్పుడే బయటికొచ్చింది.

"బాలింతను చేపల మార్కెట్లో వదిలేస్తారా? అసలు మీకు కుక్కల గురించి ఏం తెలుసండీ?"

గోవర్ధనరావు గిన్నె అందుకుని కొట్టుగది వైపు నడిచాడు.

తర్వాతి ఆదివారం విల్సన్ గారి వరండాలో అన్నపూర్ణ చాలాసేపు మాట్లాడిందని, అందరూ చెవులప్పగించి విన్నారని సిరాజుద్దీన్ వచ్చి చెప్పాడు. పిల్లల్ని ఒంటరిగా వదలకూడదు కనక గోవర్ధనరావు ఇంట్లోనే ఉండిపోయాడు.