పూత లేని కాగితం, పదకొండు మొఖాలు

కిటికీని గాలి కోసం కనిపెట్టిండ్రని లోకం అనుకుంటది. అది తప్పు. కిటికీని కనిపెట్టింది ఫ్లెక్సీ కట్టడానికి. నమ్మకుంటే కోరుట్లకు వచ్చి చూసుకోవచ్చు.

మాది చౌరస్తా మీద అద్దె ఇల్లు, మొదటి అంతస్తు, ఒక్కటే కిటికీ. దానికి, ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాడే చౌరస్తా ఉద్యమ కమిటీ పదకొండు మంది నాయకుల ఫ్లెక్సీ కట్టింది. నా బిడ్డకు ఇంకా ఏడాది నిండలేదు. ఊపిరి తీస్తే పిల్లికూతలు. “ఇంట్ల గాలి ఆడాలె” అన్నడు డాక్టర్. (నేను తొమ్మిదో తరగతిల బడి మానేసిన. ఊపిరికి గాలి కావాలన్న పాఠం అప్పటికే అయిపోయింది.)

కమిటీ కన్వీనర్ జనార్దన్ కాడికి పోయిన.

“అన్నా, ఫ్లెక్సీ జరంత పక్కకు జరుపుండ్రి. పిల్లకు దమ్మాడుతలేదు.”

“చెల్లె, నాలుగు కోట్ల మందికి ఊపిరాడుతలేదు. నీకు ఒక్క పిల్లదే వచ్చిందా?”

కమిటీ నియమం ప్రకారం కట్టిన ఫ్లెక్సీని ఊకెనే విప్పితే ద్రోహం. దాని జాగల ఇంకా పెద్దది కడితే గౌరవం.

“పోనీ, ఈసారి కాగితంది కట్టుండ్రి” అన్న. (వాన కొడితే నాయకులు వాళ్లంతల వాళ్లే దిగిపోతరు. ఇది పైకి అనలేదు.)

ఆయన ఒప్పుకునేటోడు కాదు. కానీ బంద్‌తోని హైదరాబాద్ నుంచి ఫ్లెక్సీ రోల్ రాలేదు, ఇగ కాగితమే దిక్కయింది. బంద్‌కు పిలుపిచ్చింది తామే గనుక కమిటీకి తిట్టడానికి ఎవ్వరు దొరకలేదు.

జగిత్యాలల ఫ్లెక్సీ మిషిన్ నడిపే వినోద్ దండం పెట్టిండట. “అన్నా, ఇది ఘాటు రసాయనం కలిసిన సాల్వెంట్ సిరా. ఫ్లెక్సీ మీదనైతే నిలుస్తది. పూత లేని కాగితం దీన్ని తాగుతది. రంగు పాకుతది, తొందరగ ఆరది.”

“మా నాయకులు క్రమశిక్షణ గలోళ్లు. పాకరు. నువ్వు కొట్టు.”

వినోద్ కొట్టిండు. నాయకులు పాకిండ్రు. ఒకాయన బొట్టు ఇంకొకాయన ముక్కు మీదికి నడిచింది. చివర్ల చిన్నగున్న పదకొండో నాయకుడు సమ్మయ్య మీసం పక్కాయన మూతికి చేరింది. సమ్మయ్యకు ఏం మిగలలేదు.

అత్యవసర సమావేశంల సమ్మయ్య లేచిండు. “నన్ను అడగకుండ కలిపిండ్రు. నా మీసం పక్కోడు దోచుకున్నడు. ఇగ కలిసుండుడు నాతోని కాదు. నాకు ప్రత్యేక కాగితం కావాలె!”

ఆ మాట కాదనడానికి ఎవ్వరికీ మొఖం లేదు. (అది అప్పటికే పాకింది.) సరిహద్దుల ఉపసంఘం వేసిండ్రు. పదకొండు మందికి పదకొండు ప్రత్యేక కాగితాలు కొట్టిచ్చిండ్రు.

అవి ఆరలేదు. అప్పుడు కమిటీ ఏకగ్రీవంగ తీర్మానించింది: గాలి తగలాలె.

డాక్టర్ మాటకు ఇన్నాళ్లకు విలువొచ్చిందని సంబురపడ్డ. గాలి మంచిగొచ్చే జాగ కోసం చౌరస్తా అంత తిరిగి మా కిటికీని ఎంపిక చేసిండ్రు. పాత ఫ్లెక్సీ ఇప్పి, ఊచలకు తాడు కట్టి, పదకొండు మందిని తడి తడిగనే వేలాడదీసిండ్రు. ఆ సిరా వాసనకు ఇంట్ల కండ్లు మండినయ్.

బిడ్డనెత్తుకొని కిందికి ఉరికిన. రాస్తారోకో నడుస్తున్నది, బండ్లు లేవు, పొగ లేదు. నడి రోడ్డు మీద కూసున్న. బిడ్డ నోరంత తెరిచి గాలి గుంజుకుంటున్నది.

“కదలకు చెల్లె!” జనార్దన్ సెల్‌ల ఫోటో కొట్టిండు. “నోట్లె పాలు ఆరలేదు, అప్పుడే నినాదమిస్తున్నది సూడుండ్రి!”

బంద్ అయిపోయింది. రోల్ వచ్చింది. నినాదమిస్తున్న నా బిడ్డను నిలువెత్తు ఫ్లెక్సీ కొట్టిచ్చిండ్రు. మా కిటికీకి సరిగ్గ సరిపోయింది.